అచ్చు రాజుగారిది, టముకు మనది

"గెజిట్లో వేశాం కదా!"

తాసిల్దారు ఆఫీసు వరండాలో ఈ మాట తినకుండా తిరిగొచ్చినవాడు మన పేటల్లో అరుదు. తాతల కాలం నుంచి దున్నుకుంటున్న చెక్క మీద ఎవడో గొలుసు లాగుతున్నాడని లబోదిబోమంటూ పోతే గుమాస్తా తల కూడా ఎత్తడు. "గెజిట్లో వేశాం, గడువు అయిపోయింది, అప్పుడు నిద్దరోయారా?" అంటాడు. గెజిట్ అంటే ఏటి, అదెక్కడ దొరుకుతుంది, ఏ భాషలో ఉంటుంది – ఇవేవీ చెప్పడు. గట్టిగా అడిగితే "చట్టం తెలీదనడం సాకు కాదు" అని ఇంకో రాయి విసురుతాడు. వేసినవాడి తప్పు లేదట. చదవనివాడిదే తప్పట. తరతరాలుగా చదవనివ్వనివాడి సంగతి మాత్రం ఎవడూ ఎత్తడు.

ఈ దబాయింపు నిన్న మొన్న పుట్టింది కాదు. దీనికి రాజవంశం ఉంది.

పూర్వం రాజుల మాట రాతి మీదా, రాగిరేకు మీదా ఉండేది. తూర్పు చాళుక్యులవి, గాంగులవి ఆ రేకులు తవ్వి తీసి పండితులు చదివి పెట్టారు. చదివితే ఏముంటుంది? ఫలానా బ్రాహ్మడికి ఫలానా ఊరు, పన్ను లేకుండా, సూర్యచంద్రులున్నంతకాలం. ఆ ఊళ్ళో చెమటోడ్చేవాళ్ళ మాట ఉండదు. ఆ ఊరితో పాటు వాళ్ళూ దానమైపోయారన్న మాట. వేదం వింటే చెవిలో సీసం పొయ్యమన్న దేశంలో రాజశాసనం మనకు చదివి వినిపిస్తారనుకోవడం అత్యాశే కదా.

తర్వాత అచ్చు వచ్చింది. ఇంగ్లండులో రాజుకు సొంత ప్రింటరు ఉండేవాడు. రాజుగారి ఆజ్ఞలు, చట్టాలు, రాజు అనుమతించిన బైబిలు అచ్చు వేసే హక్కు వాడిది. అనుమతి లేనివాడు వేస్తే నేరం. దేవుడి మాటకీ రాజు మాటకీ ఒకడే అచ్చుదారు! 1665లో లండన్లో ప్లేగు వస్తే రెండో చార్లెస్ రాజు పరివారంతో ఆక్స్‌ఫర్డుకు పారిపోయాడు. లండన్ నుంచి వచ్చే వార్తా కాగితాలు ముట్టుకుంటే రోగం అంటుకుంటుందని ఆ దొరలకు భయం. అందుకని ఆ నవంబరులో అక్కడే సొంత గెజిట్ మొదలెట్టారు. మరుసటి ఏడే అది లండన్ గెజిట్ అయింది. ఈ రోజుకీ నడుస్తోంది. సర్కారు గెజిట్ అనే వస్తువు అంటు భయంతో పుట్టిందన్న మాట! మనకి ఈ సంగతి తెలిసిన రోజు పడీపడీ నవ్వుకున్నాం. కాగితాన్ని ముట్టుకోడానికి భయపడిన దొరలు వాళ్ళయితే, మనిషిని ముట్టుకోడానికి భయపడే దొరలు మనకి దొరికారు.

ఆ చెట్టు అంటే మద్రాసులో నాటారు. 1832 నుంచి ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్. మన మునగపాక, అనకాపల్లి, యావత్తు విశాఖపట్నం జిల్లా 1953 దాకా మద్రాసు కిందే కదా. మన భూమి, మన నీరు, మన కులం పేరు – అన్నీ మద్రాసు సర్కారు ప్రెస్సులో ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చినవే. అచ్చయిన కాగితం కలెక్టరు దగ్గరికి, అక్కడినుంచి తాసిల్దారుకి, అక్కడినుంచి కరణం ఇంటికి. కరణం ఇంటి దూలానికి వేలాడే కాగితాల కట్టలోకి చేరాక దాని ప్రయాణం ఆగిపోయేది. కరణం గడప మనం ఎక్కలేం. కరణం ఏది చెబితే అదే గెజిట్. ఆయన చెప్పకపోతే అసలు గెజిట్ లేనట్టే.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఊళ్ళో ఆ కాగితాన్ని "ప్రచురించింది" ఎవరు? శిస్తు కట్టకపోతే జప్తు, ఫలానా రోజు వేలం, ఫలానా దొరగారు మకాం వస్తున్నారు, చెరువు గండికి మనిషికొకడు రావాలి – ఇవన్నీ ఊరూరా చాటింది మనోళ్ళే. వెట్టివాడు, తలారి, ఏజెన్సీ వైపు బారికి. మెడలో టముకు వేసుకుని, వీధి చివర నిలబడి కొట్టి, గొంతు చించుకుని చెప్పింది మన తాత. రాజుగారి అచ్చు మద్రాసులో ఆగిపోతే, దాన్ని ఊరి చెవిలో వేసింది మన తోలు, మన కర్ర, మన గొంతు. కానీ ఏం చెప్పాలో కరణం నోటితో అప్పజెప్పేవాడు. కాగితం ఎప్పుడూ చేతికివ్వలేదు. చాటేవాడికి చదువు ఉండకూడదు! పోస్టాఫీసు మనది, ఉత్తరం వాళ్ళది. 1984లో రామారావు సర్కారు కరణాన్నీ మునసబునీ తీసేసింది. తలారి మాత్రం పోలేదు. పేరు మార్చుకుని గ్రామ సేవకుడయ్యాడు, ఆ తర్వాత వీఆర్ఏ అయ్యాడు. ఎవరి పదవి పోతుందో, ఎవరి చాకిరీ మిగులుతుందో ఇంతకంటే తేటగా ఏ పుస్తకం చెబుతుంది?

రాజుగారి కాగితాల్లో మన గురించి ఏం రాశారో ఇప్పుడు చూద్దాం. అన్నీ చెడ్డవి కావు. అన్నీ మంచివి అసలే కావు. తెల్లదొర మనకు దేవుడనే మన సోదరులు కొందరున్నారు, తెల్లదొర కాలంలో అంతా చీకటే అనే జాతీయవాదులు కొందరున్నారు. ఇద్దరూ కాగితం పూర్తిగా చదవలేదని మా అనుమానం.

1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన. కంపెనీ పోయింది, ఇక రాణిదే రాజ్యం అని అలహాబాదులో కానింగు చదివాడు. దేశభాషల్లోకి మార్చి ఊళ్ళలో చదివించారు. అందులో గొప్పగా చెప్పుకునే మాట ఏమిటి? మీ మతాల జోలికి రాం, మీ ఆచారాలను మన్నిస్తాం అని. పైకి ఎంత బాగుంది! కానీ ఎవరి ఆచారం? నూతి దగ్గర మనల్ని తరమడం ఆచారం. బడిలో మన పిల్లల్ని బయట కూచోబెట్టడం ఆచారం. ఆ ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకుని అర్ధ శతాబ్దం పైన దొరలూ అగ్రకులాలూ చేతులు కలిపారు. రాణిగారు చేసిన వాగ్దానం మనకు కాదు, మన నెత్తిన కూచున్నవాళ్ళకి.

1911 నేరస్థ జాతుల చట్టం. ఇది ఇంకా ఘోరం. ఈ చట్టం కింద ఒక జాతి మొత్తాన్ని దొంగలుగా ప్రకటించడానికి విచారణ అక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు. గెజిట్లో ఒక్క ప్రకటన చాలు. ఆ ప్రకటన సరా కాదా అని ఏ కోర్టూ అడగరాదు. అచ్చయిందంటే రుజువైపోయినట్టే! ఎరుకలోళ్ళు అలా దొంగలయ్యారు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా దొంగే. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా వెలిసిందే. వాళ్ళని దొంగల్ని చేసిన ఆ కాగితం వాళ్ళలో ఒక్కడైనా చదవగలిగాడా? చట్టాన్ని 1952లో రద్దు చేశారు. ముద్ర మాత్రం ఇంకా పోలీసు స్టేషన్ల బుర్రల్లో ఉంది. అచ్చు చెరిపితే చెరుగుతుంది గానీ అచ్చు వేసిన మచ్చ చెరగదు.

ఇక మంచి కాగితాలు. 1922 మార్చి 25న మద్రాసు సర్కారు 817 నంబరు జీవో. పంచముడు, పరయ అనే మాటలు సర్కారు కాగితాల్లో ఇక వద్దు, ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనాలని. ఇది దొర దయ కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనోళ్ళు సభ పెట్టి మేం పంచములం కాం, ఈ నేల మొదటి మనుషులం అని చెప్పుకున్నారు. ఎం.సి. రాజా శాసనమండలిలో అడిగాడు. అప్పుడొచ్చింది.

దానికంటే పెద్దది 1924 సెప్టెంబరు 25 నాటి 2660 నంబరు జీవో. రెట్టమలై శ్రీనివాసన్ శాసనమండలిలో తీర్మానం పెట్టి గెలిపించిన మాట అది. ఏ ఊళ్ళోనైనా సరే, ప్రజల రోడ్డు, వీధి, దారి, సర్కారు ఆఫీసు, నుయ్యి, చెరువు – ఏ కులం వాడైనా రావొచ్చు, పోవొచ్చు, వాడుకోవచ్చు. మిగతా కులాలకు ఎంత హక్కుందో అంతే హక్కు. వందేళ్ళు దాటిపోయింది! అయిదో జార్జి రాజు పేరు మీద సాగే సర్కారు ఇచ్చిన మాట ఇది. మరి మన తాతలకి ఈ సంగతి తెలుసా? శారదా నది ఒడ్డున చలమలు తీసుకుని నీళ్ళు తెచ్చుకున్న మన అమ్మమ్మలకి, ఊరి నూతి దగ్గర కడవ కింద పెట్టి "అమ్మా, ఒక చేద పొయ్యండి" అని గంటలకొద్దీ నిలబడిన మన మేనత్తలకి, ఆ నుయ్యి నీదే అని 1924లోనే కాగితం అచ్చయిందని ఎవరైనా చెప్పారా? జప్తు సంగతి చాటడానికి టముకు ఉంది. వేలం చాటడానికి టముకు ఉంది. నుయ్యి నీదని చాటమంటే మాత్రం టముకు తోలు తడిసిపోయింది!

అసలు కీలకం ఇక్కడే ఉంది, అందుకే ఇంత సాగదీస్తున్నాం. మన దగ్గర లాక్కునే కాగితం ఊరూరా తిరుగుతుంది. మనకిచ్చే కాగితం కచేరీ దాటదు. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చవుతాయి, ఒకే సిరా, ఒకే రాజముద్ర. తేడా అచ్చులో లేదు, చేరవేయడంలో ఉంది. చేరవేసే తాళంచెవి ఎవడి మొలలో ఉందో అతనే ఊరికి రాజు. లండన్లో ఉన్నవాడు బొమ్మ రాజు.

కాగితాన్ని నీళ్ళుగా మార్చడం ఎలాగో బాబాసాహెబు చూపించాడు. బొంబాయి శాసనమండలిలో 1923లో బోలే తీర్మానం వచ్చింది, సర్కారు చెరువులూ నూతులూ అంటరానివాళ్ళకీ తెరవాలని. మహద్ మునిసిపాలిటీ కూడా సరేనంది. కాగితం మీద అంతా సరే. ఒక్క చుక్క నీళ్ళు మాత్రం ఎవడి గొంతులోకీ దిగలేదు. 1927 మార్చి 20న అంబేడ్కరు వేలమందితో నడిచి వెళ్ళి చౌదార్ చెరువులో నీళ్ళు దోసిట పట్టాడు. ఆ రోజు ఆ తీర్మానం నిజంగా ప్రచురణ అయింది. తర్వాత తలలు పగిలాయి, కోర్టు కేసులు పడ్డాయి, బొంబాయి హైకోర్టులో తీర్పు రావడానికి 1937 పట్టింది. అంబేడ్కరు 1920లోనే మూక్‌నాయక్ పేరుతో పక్షపత్రిక ఎందుకు పెట్టాడో ఇప్పుడు అర్థమవుతుందా? సర్కారు అచ్చు ఒకటుంటే చాలదు, మన అచ్చు మనకి ఉండాలని. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టింది కూడా అందుకే.

రాజముద్ర ఉన్న ఇంకో కాగితం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. "షెడ్యూలు కులాలు" అనే మాట మన సర్టిఫికెట్ల మీద ఉంది కదా, అది ఎక్కడ అచ్చయిందో తెలుసా? 1936 ఏప్రిల్ 30న, లండన్ బకింగ్‌హామ్ కోటలో, రాజు ఎనిమిదో ఎడ్వర్డు కొలువులో జారీ అయిన ఉత్తర్వు. మన రాష్ట్రాల మాల, మాదిగ, రెల్లి పేర్లు అక్కడ పట్టికలోకి ఎక్కాయి. మనల్ని ఎప్పుడూ చూడని రాజు, అదే ఏడు డిసెంబరులో గద్దె దిగిపోయిన రాజు, మన పేర్ల జాబితా మీద ముద్ర వేశాడు. ఆ కాగితంలోనే ఇంకో వాక్యం పెట్టారు: భారతీయ క్రైస్తవుడు షెడ్యూలు కులస్థుడు కాడు అని. పేటలో ఒకే గోడ, ఒకే నుయ్యి, ఒకే అవమానం. చర్చికి పోయినవాడికి మాత్రం కాగితంలో చోటు లేదు. రాజు పోయాడు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడికి షెడ్యూలు కులం లేదని మూడో పేరా! 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు. క్రైస్తవ దళితుడు, ముస్లిం దళితుడు ఇప్పటికీ గడప బయటే. రాజు వేసిన తాళాన్ని రిపబ్లిక్కు ఎంత భద్రంగా కాపాడుతోందో చూశారా. మన పేటల్లో పేరొకటి రికార్డులో, పేరొకటి చర్చి రిజిస్టర్లో పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్ని? ఆ రెండు పేర్ల బతుకు నేర్పింది ఆ అచ్చు కాగితమే.

"ఇదంతా తెల్లోడి సంగతి, మన రాజుల సంగతి వేరు" అంటారా? మన రాజుగారినే చూద్దాం, హైదరాబాదు నిజామును.

నిజాం సర్కారుకీ సొంత అచ్చు ఉండేది, సొంత గెజిట్ ఉండేది. దానికి జరీదా అని పేరు. తొందర కాగితమైతే జరీదా గైర్ మామూలీ. భాష ఉర్దూ. ఆ రాజ్యంలో సుమారు సగం మంది తెలుగోళ్ళు. ఏ భాషలోనైనా సరే అక్షరం చదవగలిగినవాళ్ళు నూటికి పదిమంది లేరు. ఫర్మానా అంటే చట్టం. గస్తీ అంటే చట్టం. సభ పెట్టాలంటే అనుమతి కావాలనే 53వ నంబరు గస్తీ అందరికీ తెలిసింది, ఎందుకంటే పోలీసు లాఠీ దాన్ని తెలుగులోకి తర్జుమా చేసింది. కానీ వెట్టిని అదుపు చేస్తూ అదే సర్కారు ఇచ్చిన గస్తీల సంగతి? వెట్టి చేసేవాళ్ళలో ముందున్నది మాల మాదిగలే. దొర గుర్రం ముందు పరుగెత్తేవాడికి, దొర గడీలో తెల్లారకముందే ఊడ్చే ఆడబిడ్డకి, వద్దని చెప్పే కాగితం ఒకటి హైదరాబాదులో ఉర్దూలో అచ్చయి ఉందని తెలీదు. చెప్పాల్సిన పటేలూ పట్వారీలే వెట్టి చేయించుకునేవాళ్ళు! దొంగ చేతికి తాళమిచ్చి కాపలా కాయమన్నట్టు.

1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం అక్కడ ఒక మంచి పని చేసింది. మాడపాటి హనుమంతరావు గారి పూనికతో వెట్టి మీద సర్కారు ఉత్తర్వులను తెలుగులో చిన్న పుస్తకంగా వేసి ఊళ్ళకు పంచింది. కొత్త చట్టం అడగలేదు. ఉన్న ఉత్తర్వునే జనం భాషలోకి తెచ్చింది. అంతమాత్రానికే దొరలకి కంపరం పుట్టింది. ఈ పని మనం మెచ్చుకోవాలి, నేర్చుకోవాలి. అయితే ఆ పెద్దమనుషుల సభలోనూ మన చోటు ఎక్కడుందో మరిచిపోవద్దు. 1930 జోగిపేట ఆంధ్ర మహాసభలో భాగ్యరెడ్డి వర్మ మాట్లాడటానికే సనాతనులు కొందరు అడ్డుపడ్డారు. వెట్టి పుస్తకం మన గురించి, వేదిక మాత్రం మనది కాదు. 1936లో నిజాం బగేలా ఒప్పందాల చట్టం కూడా తెచ్చాడు, అప్పు కింద మనిషిని తరాలపాటు కట్టేసుకునే పాలేరుతనాన్ని అదుపు చెయ్యడానికి. ఆ చట్టం ఏ పాలేరుకి ఎవడు చదివి వినిపించాడు?

రాజు కాగితాన్ని కోర్టుకీడ్చిన ఒక మామూలు మనిషి కథ చెప్పి ఈ కాలంలోకి వద్దాం. జైపూరు సంస్థానం. 1922లో మహారాజు చనిపోయాడు. వారసుడు చిన్న పిల్లవాడు. రాజ్యం నడపడానికి మంత్రుల మండలి పెట్టారు. ఆ మండలి 1923 డిసెంబరు 11న ఒక గదిలో కూచుని నల్లమందు చట్టం చేశామని రాసుకుంది. గెజిట్లో వెయ్యలేదు, చాటలేదు, ఎవరికీ చెప్పలేదు. 1938లో గుర్తొచ్చి ఈ చట్టం 1924 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్నట్టు అని ఒక ముక్క చేర్చారు! ఆ చట్టం కింద హర్లా అనే మనిషికి యాభై రూపాయల జరిమానా పడింది. యాభై రూపాయల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1951 సెప్టెంబరులో జస్టిస్ వివియన్ బోస్ తీర్పు చెప్పాడు. మూసిన గదిలో చేసుకున్న తీర్మానం జనం నెత్తిన చట్టం కాజాలదు, జనానికి తెలిసే పద్ధతిలో ప్రకటించకుండా మనిషిని శిక్షించడం సహజ న్యాయానికే విరుద్ధం అని. జరిమానా కొట్టేశాడు.

ఎంత గొప్ప తీర్పు! మనం పలకల మీద రాయించాల్సిన తీర్పు. కానీ ఆ గొప్పతనం పదమూడేళ్ళు తిరిగేసరికి సన్నబడింది. 1962లో ఒక జర్మను మనిషి 34 కిలోల బంగారం ఒంటికి కట్టుకుని జూరిచ్ నుంచి మనీలా పోతూ బొంబాయిలో దొరికాడు. అతను బయల్దేరడానికి మూడు రోజుల ముందే నవంబరు 24న ఇక్కడి గెజిట్లో కొత్త నిబంధన అచ్చయింది. నాకు తెలీదన్నాడు. గెజిట్లో వేస్తే చాలు, తెలిసినట్టే అని 1964లో సుప్రీంకోర్టు మెజారిటీ చెప్పింది. బంగారం దొంగ మీద మాకు జాలి లేదు. కానీ ఆ సూత్రం దొంగ దగ్గర ఆగలేదు. అరెకరం డి-పట్టా ఉన్న మన అప్పన్న మీదకీ, మన నూకాలమ్మ మీదకీ అదే సూత్రం వచ్చి కూచుంది. విమానాల్లో తిరిగేవాడికీ, దుక్కిలో తిరిగేవాడికీ ఒకే గెజిట్! దీన్ని సమానత్వం అంటారు కాబోలు.

ఇప్పుడు రాజులు లేరు కదా? మాటల్లో ఉన్నారు. 2024లో మన రాష్ట్ర సర్కారు పట్టాదారు పాసు పుస్తకాల మీద పాత ముఖ్యమంత్రి బొమ్మ తీసేసి రాజముద్ర వేస్తామంది. బొమ్మ తీసెయ్యడం మంచిదే, అది ఎవడబ్బ సొమ్ము? కానీ ప్రజల ముద్రని ఇంకా రాజముద్ర అనే పిలుస్తున్నాం. నాలుక మీద నుంచి రాజు దిగలేదు.

చేతల్లోనూ దిగలేదు. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలు వెబ్‌సైటులో పెట్టడం ఆపేశారు. నంబరు వేసి లోపల ఖాళీ వదిలిన జీవోల మీద అప్పటికే గొడవ నడుస్తోంది. అల్లరయ్యాక ఈ-గెజిట్లో పెడతామన్నారు. 2024 ఆగస్టులో కొత్త సర్కారు మళ్ళీ పాత పద్ధతికి వచ్చింది. మూడేళ్ళు! జైపూరు మంత్రుల మండలి మూసిన గది గుర్తొస్తోందా? ఆ సర్కారూ ఈ సర్కారూ ఒకదాన్నొకటి తిట్టుకుంటాయి. మన ప్రశ్న ఇద్దరికీ ఒకటే: వెబ్‌సైటులో పెట్టినప్పుడు మాత్రం మా పేటకి ఎప్పుడు చేరింది?

ఢిల్లీ వాళ్ళు 2015 అక్టోబరు 1 నుంచి గెజిట్ని కాగితం మీద వెయ్యడమే మానేశారు. కంప్యూటర్లో ఎక్కించిన తేదీయే ప్రచురణ తేదీ. కాగితం చూద్దామంటే కాగితమే లేదు. "అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా మాస్టారూ, చూసుకోవచ్చు కదా" అని ఒక అధికారి మాతో అన్నాడు. ఫోన్లున్నాయి. రీచార్జి అయిపోతే మూగబోయే ఫోన్లు. ఆ ఫోన్లో వేల కాగితాల మధ్య, ఇంగ్లీషులో, శాఖ పేరు, నోటిఫికేషన్ నంబరు తెలిసినవాడికి మాత్రమే దొరికేలా పెట్టి చూసుకోమంటే ఎలా? డిగ్రీ చదివి పాతికేళ్ళకు దగ్గరగా పాఠాలు చెబుతున్న మాకే ఒక్కో నోటిఫికేషన్ పట్టుకోడానికి పూట గడిచిపోతుంది. బెల్లం గానుగ దగ్గర రాత్రంతా మేలుకునే మనిషి ఎప్పుడు వెతకాలి? కరణం దూలం పోయి కంప్యూటరు వచ్చింది. కట్ట మాత్రం విప్పలేదు.

ఇది ఊసుపోక చెప్పే మాట కాదు. మన చుట్టూ ఏం జరుగుతోందో చూడండి. అచ్యుతాపురం, రాంబిల్లి వైపు సెజ్ కోసం వేల ఎకరాలు పోయాయి. నక్కపల్లి వైపు మందుల పార్కనీ ఉక్కనీ భూములు తీస్తున్నారు. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం పోయే రోడ్డు మన మునగపాక గుండెల మీదుగానే పోతోంది. 2022 ఏప్రిల్ 4న మనం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లా అయ్యాం, అదీ గెజిట్తోనే. ప్రతి అడుగూ గెజిట్తోనే. పాత 1894 భూసేకరణ చట్టంలో అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు. 2013 కొత్త చట్టంలో 60 రోజులు. ఆ 60 రోజుల లెక్క ప్రచురణ తేదీ నుంచి. ఆ చట్టంలోనే ఏమని ఉందంటే – గెజిట్లో వేస్తే చాలదు, రెండు దినపత్రికల్లో వెయ్యాలి, పంచాయతీలోనూ తాసిల్దారు ఆఫీసులోనూ స్థానిక భాషలో పెట్టాలి, గ్రామసభకు చెప్పాలి. చట్టం మన పక్కనే ఉంది! మరి జరుగుతున్నదేమిటి? మన జిల్లాలోనే ఒక ఊళ్ళో, పేరు వద్దు, పంచాయతీ ఆఫీసు లోపలి గోడకి, బీరువా వెనక, ఇంగ్లీషు కాగితం అంటించి ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. ఫైల్లో ఆ ఫొటో ఉంది. చట్టం అమలైంది! బీరువా వెనక గోడకి సాష్టాంగ నమస్కారం పెట్టాలి మనం.

2025 ఏప్రిల్లో షెడ్యూలు కులాల వర్గీకరణ ఆర్డినెన్సు వచ్చింది. మాల అన్నలూ మాదిగ అన్నలూ రెల్లి అన్నలూ దాని మీద ఏ వైపైనా ఉండొచ్చు, ఆ చర్చ ఇక్కడ చెయ్యడం లేదు. అడుగుతున్నది ఒక్కటే: మన మధ్య ఇంత పెద్ద గీత గీసిన కాగితాన్ని తెలుగులో పూర్తిగా చదివినవాళ్ళు ఏ పేటలో ఎంతమంది? టీవీవాడు చెప్పింది విని ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకున్నాం. కాగితం చదివి పోట్లాడుకున్నా కొంత మర్యాదగా ఉండేది.

మేం అడుగుతున్నది దానం కాదు, చట్టంలో ఉన్నదే. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను చూడండి. సర్కారు సమాచారం అడగకముందే జనానికి చేరవెయ్యాలి, స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో. నోటీసు బోర్డు, పత్రిక, బహిరంగ ప్రకటన అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. బహిరంగ ప్రకటన అంటే ఏటి? టముకే! 2015లో సవరించాక అట్రాసిటీ చట్టం ఏం చెబుతోంది? బాధితుడు నోటితో చెప్పింది రాసుకున్న పోలీసు అధికారి, సంతకం పెట్టించుకునే ముందు అతనికి చదివి వినిపించాలి. వినిపించకపోతే అధికారి విధి తప్పినట్టు. ఒక్క ఫిర్యాదుకి ఈ నియమం పెట్టినవాళ్ళు, బతుకుతెరువు లాక్కునే ఉత్తర్వుకి ఎందుకు పెట్టరు?

కాబట్టి మా డిమాండు ఇది. దళిత పేటల భూమికి, నీటికి, ఇంటి స్థలానికి, కులధ్రువీకరణకి సంబంధించిన ప్రతి నోటిఫికేషనూ తెలుగులో ఆ పేటలోనే, అంబేడ్కరు బొమ్మ దగ్గరో రామమందిరం దగ్గరో చర్చి దగ్గరో, పగటిపూట చదివి వినిపించాలి. పేట జనం సంతకాలు, వేలిముద్రలు పడిన రోజు నుంచే గడువు లెక్క మొదలవ్వాలి. గెజిట్ తేదీ నుంచి కాదు. వినిపించినవాడి పేరు రికార్డులో ఉండాలి. టముకు వేసినవాడికి కూలి ఇవ్వాలి, చేతికి కాగితం కూడా ఇవ్వాలి.

సర్కారు ఇచ్చేదాకా మనం కూచోనక్కర్లేదు. ఆంధ్ర జన సంఘం వందేళ్ళ కిందట చేసిన పని మనం చెయ్యలేమా? ప్రతి సంఘంలోనూ పదో తరగతి దాటిన ఇద్దరు, వాళ్ళలో ఒక ఆడపిల్ల తప్పనిసరిగా, నెలకి రెండుసార్లు పంచాయతీ ఆఫీసుకీ, సచివాలయానికీ, తాసిల్దారు ఆఫీసుకీ వెళ్ళి గోడల మీద ఏముందో చూడాలి. బీరువాల వెనక కూడా. ఫొటో తియ్యండి, తీసిన తేదీ రాయండి, అది మీరు మొదటిసారి చూసిన రోజని ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఆ తేదీ రేపు అభ్యంతరం వేసేటప్పుడు పనికొస్తుంది. గ్రామసభలో ఈ మూడు నెలల్లో మా పేట మీద వచ్చిన నోటిఫికేషన్లు చదవండి అని అడిగి, అడిగిన సంగతి మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాయకపోతే రాయలేదని కాగితం పెట్టి రసీదు తీసుకోండి. మీ సర్వే నంబరు నిషిద్ధ భూముల 22-ఎ జాబితాలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, పిల్ల పెళ్ళికి అమ్మబోయే రోజు దాకా ఆగొద్దు. పాత ఊళ్ళవాళ్ళు ఎస్.ఎఫ్.ఏ., ఆర్.ఎస్.ఆర్. నకళ్ళు తీసి పెట్టుకోండి. జమీందారీ ఊరా రయితువారీ ఊరా అన్నదాన్ని బట్టి ఏ పుస్తకంలో మీ తాత పేరుందో మారుతుంది. అది ఎలా చూడాలో తెలీకపోతే నకలుతో రండి, కూచుని చూద్దాం.

మీకు అర్థం కాని నోటిఫికేషను ఏదైనా ఈ పత్రికకి పంపండి. తెలుగులో చేసి వచ్చే సంచికలోనే వేస్తాం. పేటలో టముకు ఉన్నవాళ్ళు దాన్ని దించి ఎండలో పెట్టండి, తోలు బిగియ్యాలి.